హైదరాబాద్ టీమ్ ఎటు పోయిందన్నా?

అక్టోబరులో ఒక రాత్రి మా పిన్ని కొడుకు సారపాక నుంచి ఫోన్ చేశాడు. వాడికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. సాయంత్రం నాలుగు దాటితే బంతి లేకుండా ఉండలేడు. ‘‘అన్నా, ఇన్‌స్టాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మారిపోయింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అంట. మన టీమ్ ఎటు పోయిందన్నా?’’ అన్నాడు. నేను వెంటనే ఫోన్‌లో వెతికి చూశాను. నిజమే. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన క్లబ్ పేరు, ఊరు, జెర్సీ అన్నీ మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. వాడి తర్వాతి ప్రశ్న ఇంకా కష్టమైంది. ‘‘మరి నేను ట్రయల్స్‌కి ఎక్కడికి పోవాలి?’’

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను ఆటగాణ్ని కాదు. ఖమ్మంలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో టెక్నాలజీ మీద బ్లాగ్ రాసుకునేవాణ్ని. అయితే 2024 జులై నుంచి 2025 జులై దాకా ఒక పని చేశాను. మన దేశంలో ఒక ఏడాది ఫుట్‌బాల్ మొత్తాన్ని, లీగ్‌లూ కప్‌లూ కలిపి, ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటూ వెళ్లాను. తమ్ముడి కోసమే మొదలుపెట్టాను. మీలో చాలామందికి రియల్ మాడ్రిడ్ బెంచ్ మీద ఎవరు కూర్చుంటారో కూడా తెలుసు. ఐ-లీగ్‌లో ఎన్ని జట్లున్నాయో చెప్పమంటే తడుముకుంటారు. నేనూ అంతే. క్రికెట్‌కైతే ప్రతి బంతి లెక్కా ఉచితంగా దొరుకుతుంది. మన ఫుట్‌బాల్‌కు మ్యాచ్ ఎప్పుడో, ఏ యాప్‌లో వస్తుందో తెలుసుకోవడమే సగం పని. ఆ సీజన్ మధ్యలో జియో సినిమా కాస్తా జియో హాట్‌స్టార్ అయింది. ఐ-లీగ్ ఇంకో యాప్‌లో, అమ్మాయిల లీగ్ యూట్యూబ్‌లో. సరే, ఆ గోల వదిలేద్దాం.

ఏడాది డ్యురాండ్ కప్‌తో మొదలైంది. 1888లో సిమ్లాలో పుట్టిన టోర్నమెంట్ ఇది. ఆసియాలో ఇంతకంటే పాతది లేదు. సైన్యం నిర్వహిస్తుంది. 2024 ఆగస్టు 18న కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడాల్సిన మ్యాచ్ రద్దయింది. ఆర్‌జీ కర్ ఆసుపత్రి డాక్టర్ హత్య మీద నగరమంతా అట్టుడుకుతున్న రోజులవి. వందేళ్లుగా ఒకరినొకరు తిట్టుకున్న రెండు క్లబ్‌ల అభిమానులు ఆ సాయంత్రం స్టేడియం బయట కలిసి నినాదాలిచ్చారు. ఆ నెల 31న ఫైనల్. సొంత మైదానంలో మోహన్ బగాన్ సగం ఆటకే 2-0 ఆధిక్యంలో ఉంది. ఇక అయిపోయిందనుకుని నేను అన్నం తినడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి నార్త్ ఈస్ట్ యునైటెడ్ 2-2 చేసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ గుర్మీత్ రెండు ఆపాడు. గువాహటి క్లబ్‌కు అది మొట్టమొదటి ట్రోఫీ.

సెప్టెంబరు 13న ఐఎస్‌ఎల్ మొదలైంది. 13 జట్లు, ఒక్కో జట్టుకు 24 మ్యాచ్‌లు, మొత్తం 156. మోహన్ బగాన్ 56 పాయింట్లతో షీల్డ్ కొట్టింది. లీగ్ చరిత్రలో అన్ని పాయింట్లు ఎవరూ తెచ్చుకోలేదు. ఏప్రిల్ 12న ఫైనల్లో బెంగళూరును అదనపు సమయంలో 2-1తో ఓడించి కప్ కూడా పట్టుకుపోయింది. మన హైదరాబాద్ 18 పాయింట్లతో 12వ స్థానం. దానికింద మహమ్మడన్ స్పోర్టింగ్ ఒక్కటే, 13 పాయింట్లతో. ఆఖరున వచ్చినా కింది లీగ్‌కు దిగిపోయే భయం అప్పట్లో ఐఎస్‌ఎల్‌లో ఉండేది కాదు. అట్టడుగు జట్ల మ్యాచ్‌లు మార్చి నెలలో చూస్తే ఆ సంగతి మీకే అర్థమైపోతుంది. పరీక్ష రాసినా రాయకపోయినా పాసే అని తెలిసిన క్లాసులో కూర్చున్నట్టుంటుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ కొంచెం ఆగి చెప్పాలి. 2019 ఆగస్టులో పుణె క్లబ్ మూతపడ్డాక దాని స్థానంలో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి చాంపియన్ అయింది. కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. కొవిడ్ కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే హైదరాబాద్ చాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా లేదు. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషన్ కొత్తగూడెంలో ఉన్నట్టు, పేరు ఒకచోట, ఊరు ఒకచోట అన్నది మన జిల్లావాళ్లకు కొత్తేం కాదు కానీ, ఇది మరీ చోద్యం. రెండేళ్లు తిరిగేసరికి డబ్బులు అయిపోయాయి. 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌లలో ఒక్కటంటే ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు. తర్వాత కొత్త యజమానులొచ్చారు. ఆ తర్వాత ఢిల్లీ. పుణె నుంచి వచ్చింది ఢిల్లీకి పోయింది, మధ్యలో మనం ఆరేళ్లు దాన్ని మనదనుకున్నాం.

ఇదే ఊరు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు ఆయన తెలుసు. 1951లోనూ 1962లోనూ భారత్‌కు ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది ఆయన చేతిమీదుగానే. ఆ పోలీసు జట్టు ఎవరి కంపెనీ ఆస్తీ కాదు. ఒక ప్రభుత్వ శాఖ జట్టు. ఆటగాడికి నెలనెలా జీతం, ఆట అయిపోయాక ఉద్యోగం. దాన్ని ఎవరూ ఢిల్లీకి తరలించలేరు. పాతకాలమే గొప్పదని నేను అనడం లేదు. ఆ శాఖల జట్లు ఎందుకు నీరసించిపోయాయో అదొక పెద్ద కథ. కానీ ఒక కుర్రాడి వైపు నుంచి చూస్తే, ఫ్రాంచైజీ జెర్సీ కంటే పోలీసు జెర్సీ ఎక్కువ కాలం మన్నింది.

ఈ మాట డిసెంబరులో మళ్లీ గుర్తొచ్చింది. సంతోష్ ట్రోఫీ ఆఖరి దశ మ్యాచ్‌లు హైదరాబాద్‌లోనే జరిగాయి. రాష్ట్రాల జట్లు ఆడే పాత టోర్నమెంట్ ఇది. పెద్ద క్లబ్‌ల స్టార్లు ఉండరు. కెమెరాలు తక్కువ. 2024 డిసెంబరు 31 రాత్రి, నగరమంతా న్యూ ఇయర్ కేకుల కోసం లైన్లలో నిలబడి ఉంటే, గచ్చిబౌలి స్టేడియంలో పశ్చిమ బెంగాల్, కేరళ ఫైనల్ ఆడుతున్నాయి. గోల్ లేదు. ఇంజురీ టైమ్‌లో రోబి హన్స్‌దా కొట్టాడు. 1-0. బెంగాల్‌కు 33వ టైటిల్. టోర్నీలో అతను కొట్టిన గోల్స్ 12. హన్స్‌దా బర్ధమాన్ జిల్లా పల్లె నుంచి వచ్చిన సంతాల్ గిరిజన యువకుడు. గెలిచిన జట్టు ఆటగాళ్లకు బెంగాల్ ప్రభుత్వం ఉద్యోగాలు ప్రకటించింది. తమ్ముడికి ఆ గోల్ వీడియో పంపాను. వాడు గోల్ గురించి ఏమీ అనలేదు. ‘‘ఉద్యోగం కూడా ఇచ్చారా అన్నా?’’ అని అడిగాడు. వాడి పక్కన ఆడే పిల్లల్లో సగం మంది కోయ గూడేలవాళ్లు. వాళ్లకు ఆ వార్తలో ముఖ్యమైన భాగం ఏదో నాకన్నా వాడికే బాగా తెలుసు.

ఇక్కడ ఒక తప్పు చెప్పుకోవాలి. అది నాదే. హన్స్‌దా గోల్ చూసిన ఊపులో, ఇన్‌స్టా రీల్ చూసి, తమ్ముణ్ని నగరంలో ఒక అకాడమీ ట్రయల్స్‌కు రమ్మన్నాను. ఫీజు 2,500 రూపాయలు నేనే ఫోన్‌పే చేశాను. వాడు రాత్రి బస్సెక్కి వచ్చాడు. 20 నిమిషాలు ఆడించారు. ఎవరూ పేరు రాసుకోలేదు. చివర్లో ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఫొటో తీశారు. ఆ సర్టిఫికెట్ ఎందుకు పనికొస్తుందో ఇప్పటికీ తెలియదు. రూటర్ కొనేముందు పది రివ్యూలు చదివే నేను, తమ్ముడి ఏడాది విషయంలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: మీ దగ్గర చేరితే ఏడాదికి ఎన్ని అధికారిక మ్యాచ్‌లు ఆడతాడు?

స్ప్రెడ్‌షీట్ నాకు నేర్పింది కూడా అదే. గోల్స్, పాయింట్ల కాలమ్‌ల కంటే ‘మ్యాచ్‌ల సంఖ్య’ అనే కాలమ్ ఎక్కువ మాట్లాడుతుంది. గుగులోత్ సౌమ్యను తీసుకోండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన రైతు బిడ్డ. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఉంది. 2025 మేలో ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆమెను దేశంలో ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించింది. మన తెలుగు పిల్ల! మన పేపర్లలో ఆ వార్త ఎంత మేర వచ్చిందో మీరే గుర్తుచేసుకోండి. ఇప్పుడు ఆ లీగ్ లెక్క చూడండి. 8 జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. దేశంలోకెల్లా ఉత్తమ ఆటగత్తెకు జాతీయ లీగ్ ఏడాది మొత్తంలో ఇచ్చేది 14 ఆటలు. ఇంగ్లండ్‌లో మగవాళ్ల ప్రీమియర్ లీగ్‌లో ఒక క్లబ్‌కు 38, కప్‌లు అదనం. అయినా సరే, 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను దాని సొంతగడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. మగవాళ్లేమో అక్టోబరులో సింగపూర్ చేతిలో గోవాలోనే ఓడి తమ ఆసియా కప్ దారి మూసుకున్నారు. డబ్బు ఎక్కువున్న చోటే ఆట ముందుకు పోతుందనుకునేవాళ్లు ఈ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇక ఆ ఏడాది నాకు నిద్ర లేకుండా చేసింది ఐ-లీగ్. 12 జట్లు, 22 మ్యాచ్‌లు. మన అజీజ్‌నగర్‌లో ఆడే శ్రీనిధి డెక్కన్ అంతకుముందు రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. ఈసారి టైటిల్ పోటీలో లేదు. ఏప్రిల్ 6న ఆఖరి మ్యాచ్‌లు అయ్యేసరికి చర్చిల్ బ్రదర్స్ 40, ఇంటర్ కాశీ 39. చర్చిల్ గెలిచినట్టే కదా? కాదు. జనవరిలో నామ్‌ధారీ చేతిలో ఇంటర్ కాశీ ఓడిన మ్యాచ్‌లో, పసుపు కార్డుల వల్ల సస్పెన్షన్‌లో ఉండాల్సిన ఆటగాణ్ని నామ్‌ధారీ దింపిందని ఫిర్యాదు. క్రమశిక్షణ కమిటీ ఒక మాట, అప్పీల్ కమిటీ ఇంకో మాట. చర్చిల్‌కు ట్రోఫీ కూడా ఇచ్చేశారు. కేసు స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం దాకా పోయింది. జులై 18న అక్కడ తేలింది: చాంపియన్ ఇంటర్ కాశీ, 42 పాయింట్లు. ఆఖరి విజిల్ ఊదిన 103 రోజుల తర్వాత లీగ్ ముగిసిందన్నమాట.

మీరు ఇంజినీరింగో డిగ్రీయో చదువుతూ ‘స్పోర్ట్స్‌లో కెరీర్’ అని యూట్యూబ్‌లో వెతుకుతున్నట్టయితే ఈ కేసును రెండుసార్లు చదవండి. ఏ ఆటగాడికి ఎన్ని కార్డులు, ఎవరికి ఏ మ్యాచ్ నిషేధం, ఎవరి రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా అన్నది పట్టిక వేసుకుని చూసే మనిషి ఎంత అవసరమో తెలుస్తుంది. క్లబ్ అంటే 11 మంది స్టార్లు కాదు. టీమ్ మేనేజర్, వీడియో అనలిస్ట్, ఫిజియో, రిజిస్ట్రేషన్ చూసే గుమస్తా, మైదానం గీతలు గీసేవాడు. అనలిస్ట్ అనగానే మనవాళ్లు పైథాన్ కోర్సు కొంటారు. కొనొద్దనను. కానీ ముందు ఏదైనా ఒక జిల్లా మ్యాచ్‌కు వెళ్లి 90 నిమిషాలూ ఒక్క ఆటగాణ్నే చూస్తూ అతను ఎక్కడ బంతి పోగొట్టుకుంటున్నాడో కాగితం మీద రాయండి. రెండో సగంలో మీకే విసుగొస్తే ఆ ఉద్యోగం మీది కాదు. రెఫరీ, కోచ్ దారులు ఇంకా నయం. ఫెడరేషన్ డి లైసెన్స్ కోర్సు చేసినవాడికి బడిలో పిల్లల్ని పట్టుకుని మొదలుపెట్టే వీలుంటుంది. దీంతో కోట్లు రావు. అసలు జీతమైనా వస్తుందా అంటే, అక్కడికే వస్తున్నాను.

సీజన్ చివరి కప్, సూపర్ కప్, మే 3న భువనేశ్వర్‌లో ముగిసింది. గోవా 3-0తో జంషెడ్‌పూర్‌ను ఓడించింది. ఆ కప్ పుణ్యమా అని ఆసియా పోటీలకు వెళ్లి, అక్టోబరు 22న రొనాల్డో క్లబ్ అల్ నస్ర్‌తో సొంత మైదానంలో ఆడింది. రొనాల్డో రాలేదనుకోండి. అయినా గోవా ఓడింది 1-2తోనే. అంటే మనవాళ్లు మరీ ఆడలేనివాళ్లేం కాదు. కానీ ఆ మ్యాచ్ రోజుకు దేశంలో ఐఎస్‌ఎల్ లేదు. లీగ్ నడిపే సంస్థకూ ఫెడరేషన్‌కూ మధ్య 2010 నాటి 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. పొడిగింపు తేలక జులై 11న లీగ్‌ను పక్కన పెడుతున్నట్టు ఆ సంస్థ క్లబ్‌లకు చెప్పేసింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ ఫస్ట్ టీమ్ జీతాలు నిరవధికంగా ఆపేసింది. ఏప్రిల్‌లో ఫైనల్ ఆడిన జట్టు అది! కొత్త టెండర్ పిలిస్తే నవంబరు 7 గడువుకు ఒక్క బిడ్డూ రాలేదు. సెప్టెంబరులో మొదలవ్వాల్సిన లీగ్ 2025 నవంబరు సగమైనా మొదలవ్వలేదు. నా స్ప్రెడ్‌షీట్‌లో 2025-26 అనే ట్యాబ్‌లో ఆ పేజీ అప్పటికి ఖాళీగానే ఉంది.

అందుకే నా అభిప్రాయం ఇది, మీకు నచ్చకపోవచ్చు. మన పిల్లలకు పైన ఉన్న మేడ చూపించి నిచ్చెన ఎక్కమనడం ఇక ఆపాలి. మేడకే పునాది లేదు. ఇప్పుడు కావాల్సింది జిల్లాలో ఏడాదికి 20 మ్యాచ్‌లు, తేదీలు ముందే గోడకు అంటించి ఉన్నవి. ఐఎస్‌ఎల్ ఆగినా ఆగని 20 మ్యాచ్‌లు. అండర్-15, అండర్-17, అమ్మాయిలకు వేరే. దానికి కోట్లు అక్కర్లేదు.

మా వైపు పరిస్థితి చెబుతాను. ఏజెన్సీలో రాజు వాలీబాల్. చెట్ల మధ్య చిన్న జాగా, రెండు గుంజలు, ఒక నెట్ ఉంటే చాలు. ఫుట్‌బాల్‌కు చదునైన పెద్ద నేల కావాలి, అది కోతలయ్యాక పొలాల్లో దొరుకుతుంది. అందుకే సంక్రాంతి ముందు నుంచి ఎండలు ముదిరే దాకా ఊరూరా పందేల మ్యాచ్‌లు, గెలిస్తే మేకపోతు. మిగతా ఏడాది ఖాళీ. కిన్నెరసానిలో గిరిజన క్రీడా పాఠశాల ఉంది. కొత్తగూడెంలో సింగరేణి పుణ్యాన ప్రకాశం స్టేడియం ఉంది. భద్రాచలంలో జూనియర్ కాలేజీ మైదానం ఉంది. మైదానాలు లేవని నేను ఒప్పుకోను. వాటి మధ్య తేదీలు లేవు.

దీని మీద సరిహద్దు ఒకటి. తమ్ముడి జట్టులో ఎడమ వైపు ఆడేవాడిది ఎటపాక. భద్రాచలం నుంచి సైకిల్ మీద వస్తాడు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, ఎటపాక అటు పోయింది. వాడి బడి, సంత, ఆసుపత్రి అన్నీ భద్రాచలం. ఆధార్ మాత్రం ఆంధ్రా. 2025 దాకా జిల్లా కేంద్రం పాడేరు, చేరుకోవడానికి ఒక పూట చాలేది కాదు. ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో రాష్ట్రం గడి దగ్గర వాడు ఏది నొక్కాలి? భద్రాచలంలో జిల్లా జట్టు ఎంపిక జరిగితే వాడు అర్హుడా? ఈ ప్రశ్న ఎవరినైనా అడుగుదామంటే ఎవరిని అడగాలో మాకు తెలియదు. సంతోష్ ట్రోఫీలో రెండు రాష్ట్రాలూ రెండు జట్లు. ఈ నదీతీరంలో మాత్రం పిల్లలందరిదీ ఒకే జట్టు. రెండు రాష్ట్ర సంఘాలూ కూర్చుని, ఈ సరిహద్దు మండలాల పిల్లలు చదువుకునే చోటే ఆడొచ్చని ఒక్క కాగితం రాసుకుంటే సరిపోతుంది. క్లబ్‌ను పుణె నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి ఢిల్లీకి మార్చగలిగిన దేశంలో ఒక కుర్రాణ్ని గోదావరి ఒడ్డున రెండు కిలోమీటర్లు ఇటు ఆడించలేమా?

దీపావళికి ఊరెళ్లినప్పుడు తమ్ముడికీ వాడి స్నేహితులకీ ఇదంతా చెప్పాను. లీగ్ ఆగిపోయిందంటే బాధపడతారేమో అనుకున్నాను. ఒకడు తాపీగా, ‘‘మాకెప్పుడు మొదలైందన్నా ఆగడానికి?’’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఉదయం కూర్చుని అటు రెండు, ఇటు నాలుగు, మొత్తం ఆరు ఊళ్ల పేర్లు రాశాం. ఒక్కో జట్టు మిగతా ఐదింటితో రెండేసి సార్లు ఆడితే 10 మ్యాచ్‌లు, మొత్తం 30. ఆదివారాలు లెక్కపెడితే ఉగాది నాటికి అయిపోతుంది. ప్రవేశ రుసుము లేదు. మేకపోతు ఉంటుంది. లేకపోతే ఎవరూ రారని తమ్ముడు ఖరాఖండిగా చెప్పేశాడు.

రెఫరీయే దొరకలేదు. పాల్వంచలో ఒక పీఈటీ సారును అడిగాం. ‘‘పసుపు కార్డులు ఎవరు రాసిపెడతారు?’’ అని ఆయన మొదటి ప్రశ్న. నేను రాస్తానన్నాను. మొదటి మ్యాచ్ డిసెంబరు రెండో ఆదివారం, బూర్గంపాడు దగ్గర కోసిన వరి మడిలో. గోల్ పోస్టుకు వెదురు బొంగులు తెచ్చారు. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు సరిగ్గా కొలవాలంటే టేపు కావాలి. హైదరాబాద్ నుంచి తెస్తానని చెప్పాను.